దాణాకు తక్కువ లేదు

గోవిందరాజస్వామి గుడికి కూతవేటు దూరంలో ఉండేది మా సందు. డెబ్బైల నాటి తిరుపతి అది. కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోనే పడింది, రెండోది 1974లో వచ్చింది. కొండెక్కడానికి బస్సులున్నా ఊళ్లో తిరగాలంటే జట్కానే. రైలు దిగిన యాత్రికులు మూటాముల్లెతో స్టేషను బయటికి రాగానే జట్కావాళ్లు చుట్టుముట్టేవాళ్లు. కపిలతీర్థానికి, తిరుచానూరుకి, కాలినడకన ఎక్కేవాళ్లయితే అలిపిరి దాకా బేరాలు సాగేవి. అలాంటి జట్కా ఒకటి మా సందు చివరి ఇంట్లో ఉండేది. బండి తోలేది తాత. గుర్రం మాత్రం అవ్వది. సందులో పెద్దాచిన్నా అందరికీ ఆమె జట్కా అవ్వే.

అవ్వ ఏనాడూ గుర్రం ఎక్కలేదు, పగ్గాలు పట్టలేదు. ఆమె ప్రేమంతా చాకిరీలోనే కనిపించేది. తెల్లారకముందే పేడ ఎత్తి, కింద పొడి గడ్డి పరిచేది. గుర్రం కాలు పైకెత్తి తన మోకాలి మీద పెట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న రాళ్లను ఇనుపచువ్వతో ఒక్కొక్కటే తీసేది. లాడం వదులైందేమో వేలితో కదిపి చూసేది. తోలుపట్టీ ఒరుసుకుని పుండు పడినచోట వేపనూనెలో పసుపు కలిపి రాసేది. ఆ గుర్రం పేరు చుక్క. ఒళ్లంతా ముదురు గోధుమరంగు, నుదుట మాత్రం తెల్లటి మచ్చ.

సాయంత్రమైతే పెద్ద తపేలాలో ఉలవలు ఉడికేవి. ఆ వాసన సందు మొదట్లోకే తగిలేది. అవ్వ ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కి చూసేది. మెత్తగా చితికితేనే దించేది. కట్టు వంచేసి, గుగ్గిళ్లు చేటలో ఆరబోసి, తవుడు, కాస్త ఉప్పు కలిపి చుక్కకు పెట్టేది. వంచిన కట్టులో చింతపండు పిసికి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి తాలింపు పెడితే ఇంటిల్లిపాదికీ సంగటిలోకి చారు. అయితే గుర్రం తిన్నాకే మనుషులకు. “అది సంపాదిస్తే మనం తింటాండాము, ముందు దానికి పెట్టల్ల” అనేది.

పిల్లలమైన మాకు గుగ్గిళ్లు తినిపించే భాగ్యం అప్పుడప్పుడూ దక్కేది. “చెయ్యి బాగా చాపు అమ్మణ్ణీ, వేళ్లు ముడిస్తే గుగ్గిళ్లనుకోని కొరికేస్తాది” అని నా మణికట్టు పట్టుకునేది. చుక్క పెదాలు అరచేతిలో మెత్తగా, తడిగా వెతుక్కునేవి. గింజ కూడా మిగిలేది కాదు.

తాత ఇంటికి రాగానే అవ్వ డబ్బులెంతని అడిగేది కాదు. “ఈ పొద్దు ఎంతమందిని ఎక్కించినావు?” అనేది మొదటి ప్రశ్న. జట్కాలో బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి, పొట్ట కింది పట్టీ గుర్రాన్ని పట్టి పైకి లాగుతుంది. ముందుకు పడితే బరువంతా దాని వీపు మీదే. అందుకే జట్కావాళ్లు “ముందుకు జరగండి, కొంచెం వెనక్కి సర్దుకోండి” అని దారి పొడుగునా చెబుతుండేవాళ్లు. అవ్వకు ఆ లెక్క నోటికి వచ్చు. తాత చెర్నాకోల కట్టెను చక్రం ఆకుల మధ్య పెట్టి టకటకలాడించవచ్చు, ఆ చప్పుడుకే చుక్క పరుగందుకునేది. ఒంటి మీద దెబ్బ పడిన గుర్తు కనిపిస్తే మాత్రం ఆ రాత్రి తాతకు సంగటి లేదు.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండి కదలనిచ్చేది కాదు. ఎంత బేరం వచ్చినా మూడు దాటాకే. బరువు లాగే, మోసే పశువుల కోసం 1965లో కేంద్రం నియమాలు చేసింది. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా ఒక్క బిగిన ఐదు గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు మించే చోట పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. ఇవి నేను పెద్దయ్యాక చదివాను. అవ్వకు అక్షరం ముక్క రాదు. ఆమె ఇంట్లో మాత్రం ఆ చట్టం గట్టిగా అమలయ్యేది.

శ్రీనివాసుడు వేటకు వచ్చి పద్మావతిని చూసిన కథ మా వైపు పిల్లలందరికీ తెలుసు. ఏనుగును తరుముతూ గుర్రం మీద నారాయణవనం తోటలోకి వస్తాడు. చెలికత్తెలు రాళ్లు రువ్వితే గుర్రం పడిపోతుంది, స్వామి కాలినడకన కొండకు తిరిగిపోతాడు. అందరూ ఆ తర్వాతి పెళ్లి గురించి చెప్పుకుంటే అవ్వ గుర్రం దగ్గరే ఆగిపోయేది. “పెండ్లికి కుబేరుడి కాడ అంత అప్పు తెచ్చినారే, నోరులేని ఆ గుర్రాన్ని ఎవురన్నా తల్చుకున్నారా?” అని నిలదీసేది. జవాబు చెప్పగలిగినవాళ్లు మా సందులో లేరు.

తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి అమ్మవారికి అశ్వవాహనం. కొండ మీద స్వామివారి బ్రహ్మోత్సవాల్లోనూ ఎనిమిదో రాత్రి అదే వాహనం. తిరుచానూరు వాహనానికి అవ్వ మమ్మల్ని తప్పకుండా తీసుకెళ్లేది. జట్కాలో కాదు, నడిపించి. “గుర్రం పండగ నాడు గుర్రానికి సెలవు” అని తేల్చేసేది. ఊరేగింపు ముందు నడిచే అలంకరించిన గుర్రాలను చూసి, ఏది కుంటుతోందో, ఏది నీళ్లకు తపిస్తోందో చెప్పేది. ఆ తర్వాతే అమ్మవారికి చేతులు జోడించేది.

ఆటోలు పెరిగాక జట్కాలకు బేరాలు పోయాయి. తాత బండి అమ్మేశాడు. అప్పటికే చుక్కకు వయసు మీదపడి కళ్లు మసకబారాయి. కొన్నాళ్లకు పూర్తిగా పోయాయి. వచ్చిన కాడికి అమ్మేయమని ఇరుగుపొరుగు చెప్పారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత చెప్పి నవ్వారు. “అవును, తక్కువ లేదు, తక్కువ కానీను” అంది అవ్వ. చుక్క పోయేదాకా సాయంత్రం ఉలవల తపేలా పొయ్యెక్కడం ఆగలేదు. సంపాదించినన్నాళ్లూ ముందు పెట్టడం న్యాయం. సంపాదన ఆగాక కూడా ముందే పెట్టడం ప్రేమ. ఆ తేడా నాకు తెలిసింది అవ్వ దగ్గరే.

జట్కాలు పోయినా గుర్రాలు పోలేదు. పెళ్లి ఊరేగింపుల్లో డీజే మోతకు, టపాసుల చప్పుడుకు బెదురుతూ నిలబడి ఉంటాయి. 1965 నాటి నియమాలు పుస్తకాల్లో భద్రంగానే ఉన్నాయి. మీ ఇంట్లో పెళ్లికి గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు బేరానికి ముందు ఒక్క మాట అడగండి, దానికి నీళ్లు ఎప్పుడు పెట్టారని.