డెబ్భై దాటిన డ్రిల్లు మాస్టారు

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళని తప్పించుకుంటూ పరిగెత్తే ఆట. ఆ ఆటకి తొలినాళ్ళ కోచ్ ఆమోస్ అలోంజో స్టాగ్ గురించి నేను చికాగో వచ్చాకే విన్నాను. విన్నప్పట్నుంచీ మా నాన్నే గుర్తొస్తున్నారు.

స్టాగ్ 1862లో న్యూజెర్సీలో పుట్టారు. యేల్ యూనివర్సిటీలో చదివేటప్పుడు బేస్‌బాల్‌లో పేరున్న పిచర్, అంటే మన బౌలర్ లాంటివారు. డబ్బిస్తాం రమ్మని ప్రొఫెషనల్ టీములు పిలిస్తే వెళ్ళలేదు. పాస్టర్ అవుదామని చదువు మొదలుపెట్టి, నలుగురిలో మాట్లాడటం తనకి రాదని మానేశారు. 1892లో, అప్పుడే కొత్తగా తెరిచిన చికాగో యూనివర్సిటీలో చేరారు. ఫుట్‌బాల్‌తో పాటు ఏళ్ళ తరబడి బేస్‌బాల్ కూడా నేర్పారు. 1905లో, వరసగా 56 ఆటలు ఓటమి ఎరగని మిషిగన్ జట్టుని ఆయన కుర్రాళ్ళు 2-0తో ఓడించారు.

అలా నలభై ఏళ్ళు. 1932 సీజన్‌తో, డెబ్భై నిండాయి కదా, ఇక చాలంది యూనివర్సిటీ. కూర్చుని చేసే పని ఇస్తామన్నా ఆయన ఒప్పుకోలేదు. భార్య స్టెల్లాతో కాలిఫోర్నియా వెళ్ళి, ఓ చిన్న కాలేజీలో మళ్ళీ కోచ్‌గా చేరారు.

మా నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. 58కి రిటైరయ్యారు. శాలువా కప్పి, దండ వేసి, గోడ గడియారం ఇచ్చి పంపించారు. మర్నాటి నుంచీ నాలుగున్నరకే లేచి, ఆ గడియారం వంక చూస్తూ కూర్చునేవారట. అన్నం సరిగా తినేవారు కాదని అమ్మ చెప్పేది. ఆరునెలలు చూసి, ఓ రోజు విజిల్ మెళ్ళో వేసుకుని గ్రౌండ్‌కి వెళ్ళిపోయారు. జీతం లేదు, హాజరు పట్టీలో పేరు లేదు. పిల్లలకి కబడ్డీ, వాలీబాల్ నేర్పుతున్నారు. ఇప్పుడాయనకి 71.

ఈమధ్య మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. "నువ్వైనా చెప్పి మాన్పించవే, నీ మాటే వింటారు" అని అన్నయ్య రోజూ ఫోను. పడిపోతే ఎవరు చూస్తారన్నది వాడి భయం. దూరాన ఉన్న నాకూ ఆ భయం ఉంది.

అందుకే వాడికి స్టాగ్ సంగతి చెప్పాను. చికాగో యూనివర్సిటీ 1939లో ఫుట్‌బాలే ఎత్తేసింది. స్టాగ్ పేరు పెట్టిన స్టేడియం గ్యాలరీ కింద 1942 డిసెంబర్ 2న శాస్త్రవేత్తలు అణు ప్రయోగం చేశారు. ఇప్పుడా స్థలంలో లైబ్రరీ ఉంది. పొమ్మన్నచోట ఆటే పోయింది. పొమ్మనిపించుకున్నాయన మాత్రం 1943లో, 81 ఏళ్ళ వయసులో, ఆ ఏటి మేటి కోచ్‌గా ఎంపికయ్యారు. ఆ తర్వాత కొడుకు పక్కన నిలబడి మరో కాలేజీలో నేర్పారు. తొంభై ఆరేళ్ళకి గానీ మైదానం వదల్లేదు. 102 ఏళ్ళు బతికి 1965లో పోయారు.

"ఆయనకి మోకాళ్ళ నొప్పుల్లేవేమో" అన్నాడు అన్నయ్య.

ఉండే ఉంటాయి. ఇంట్లో కూర్చుంటే మాత్రం నాన్న నొప్పులు తగ్గుతాయా? గ్రౌండ్‌లో కుర్చీ వేసుకుని నేర్పమని చెప్పాను, సరేనన్నారు. మానెయ్యమని మాత్రం నేను చెప్పను. మోకాళ్ళకి పట్టీలు, ఓ కొత్త విజిల్ కొని పంపించాను.