రెండేళ్ల కుర్చీ

గ్లాస్గోలో ట్రాన్స్‌మిషన్ అని ఒక గ్యాలరీ ఉంది. ఆర్ట్ స్కూల్లో చదువు ముగించిన కుర్రకారు, బొమ్మలు పెట్టుకోను ఊళ్లో సరైన చోటు లేక, 1983లో దీన్ని తామే పెట్టుకున్నారు. వాళ్ల కట్టుబాటు నాకు భలే నచ్చింది: కమిటీలో ఎవరైనా రెండేళ్లే. ఆపైన కొత్తవాళ్లకి అప్పజెప్పి దిగిపోవాలి. 1996లో టర్నర్ ప్రైజ్ అనే బ్రిటిష్ కళా పురస్కారం కొట్టిన డగ్లస్ గోర్డన్ కూడా ఆ కమిటీలో పనిచేసినవాడే. ఇక సభ్యుల ప్రదర్శనలో సభ్యుడైతే చాలు, పేరున్నవాడి బొమ్మ పక్కనే మన బొమ్మా తగిలించొచ్చు.

కమిటీలో జీతం లేని చాకిరీ మాత్రం అద్దె కట్టుకోవాల్సినవాడికి కష్టమే. ఆ లోటు చిన్నదేం కాదు.

మన సంఘాల్లోనో, కుర్చీ ఎక్కినవాడు దిగితే ఒట్టు! ఈసారి సర్వసభ్య సమావేశంలో ఈ రెండేళ్ల నిబంధన ప్రతిపాదించి చూడండి.