మనోళ్లేనా?

ఆదివారం ఆరాధన ముగుస్తుంది. చెప్పులు వెతుక్కుని తొడుక్కుని, జనం చర్చి ముందు వేపచెట్టు కిందికి చేరతారు. పెళ్లి మాటలు మొదలయ్యేది అక్కడే. పిల్ల డిగ్రీ చదివింది, బాప్తిస్మం తీసుకుంది, క్వైరులో పాడుతుంది. అన్నీ విన్నాక అవతలి పెద్దమ్మ గొంతు తగ్గించి అడుగుతుంది: "మనోళ్లేనా?"

పేరు దావీదయినా దానియేలయినా, ఆ ప్రశ్నకు జవాబు ఇంటిపేరులో దొరుకుతుంది. కాసేపటి కింద ఒకే ప్రభు బల్లలో రొట్టె తీసుకున్నవాళ్లే ఇద్దరూ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో చాలా సంఘాలకు మూలం మెన్నోనైట్ బ్రెదరెన్ మిషన్. డానియల్ బెర్గ్‌తోల్డ్ దొర దశాబ్దాల పాటు పనిచేసింది నాగర్‌కర్నూల్‌లోనే. చేరినవాళ్లలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో మిషన్ బడి, మిషన్ దవాఖాన వాళ్లను మనుషులుగా చూశాయి. అంత అవమానం పడి బయటికొచ్చినవాళ్లు తమ రెండు వాడల మధ్య గోడను మాత్రం చర్చిలోకి తెచ్చుకున్నారు. బాధ కలిగించేది అదే. కతోలిక సభలోనూ కులం గోడ ఉంది. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, తొలి దళిత కార్డినల్ అని దేశమంతా రాసింది. గద్వాలకు తుంగభద్ర అవతల, ఉమ్మడి కర్నూలు జిల్లా చిందుకూరు ఆయన సొంతూరు. శతాబ్దాల చరిత్ర ఉన్న సభలో అది అప్పటిదాకా జరగలేదంటే లోపల ఎంత ఎత్తు గోడ ఉందో తెలుస్తుంది.

బయటివాళ్లు క్రైస్తవుల మీద వేసే నింద వేరు: "చర్చిలో ఏసు, సర్టిఫికెట్‌లో హిందువు." అది నిజమైన చోట్లు ఉన్నాయి. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. తెలంగాణలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లకు బీసీ-సి కింద దక్కేది ఒక్క శాతం రిజర్వేషన్. బిడ్డ చదువుకు, విశ్వాసానికి మధ్య చట్టం పెట్టిన పోటీలో నలిగిన కూలీ తండ్రిని కపటి అనడం అన్యాయం. వేపచెట్టు కింది ప్రశ్నను మాత్రం ఏ చట్టమూ అడగమనలేదు.

ఆస్తుల సంగతీ అంతే. సహోదరుడు సహోదరుడి మీద వ్యాజ్యానికి పోవడం ఏమిటని పౌలు కొరింథీ సంఘాన్ని మందలించాడు. అయినా సంఘాల ఎన్నికలు, భూములు కోర్టు మెట్లెక్కుతూనే ఉన్నాయి. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) సినడ్ వ్యవహారాలు చూడడానికి 2024లో మద్రాసు హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించాల్సి వచ్చింది.

ఈ నేల మీదే మరో రకం క్రైస్తవులూ ఉన్నారు. 1932లో శంషాబాద్‌లో పుట్టిన మిషనరీ, మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ ముచ్చింతల అనే పల్లె కథ రాశాడు. ఊళ్లో మశూచి వచ్చింది. పిల్లలు చనిపోతున్నారు. దేవతకు దున్నపోతును బలివ్వాలని, ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు మేం ఇవ్వం అన్నారు. ఊరివాళ్లు వాళ్లకు నీళ్లు బంద్ చేశారు, దుకాణాల్లో సరుకు అమ్మలేదు. మనసులో లేకుండా ఇస్తున్నామని దేవుడికి చెప్పుకుని ఒక నాణెం పడేద్దామని కొందరు అన్నారు. సంఘ పెద్ద ఒప్పుకోలేదు.

తర్వాత క్రైస్తవుల ఇంట్లోనే ఒక పాపకు మశూచి సోకింది. ఆ పెద్ద హీబర్ట్ దగ్గరికొచ్చి ప్రార్థన చేయమన్నాడు. చేశారు. వారానికి పాప చనిపోయింది. హీబర్ట్ కుంగిపోయాడు. కొన్నాళ్లకు పెద్ద మళ్లీ వచ్చాడు. సమాధి దగ్గర, మళ్లీ కలుస్తామన్న తమ నమ్మకాన్ని చూశాక ఊరివాళ్లు ఈ దారి ఏమిటని అడుగుతున్నారని చెప్పాడు.