నాలుగడుగులు వేయించే గది

ఆ ఆసుపత్రి అత్యవసర విభాగానికి రెండు ద్వారాలు. వెనకవైపుది అంబులెన్సులకు. ముందువైపుది నడిచో, కుంటుతూనో, ఎవరి భుజమో పట్టుకునో వచ్చేవాళ్లకు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఓ పారిశ్రామిక నగరం అది. ఆసుపత్రి పేరు రాయకూడదని, రోగుల ఆనవాళ్లు తెలియనీయకూడదని షరతు పెట్టి, ప్రతి రోగినీ ముందే అడిగి, ఒప్పుకున్నవాళ్ల దగ్గరే నన్ను కూర్చోనిచ్చారు.

వచ్చినవాళ్లను ముందుగా ఒక నర్సు చూస్తుంది. గుండెనొప్పి, పక్షవాతం, ఊపిరాడకపోవడం ‘మేజర్స్’ వైపు వెళ్తాయి. బెణికిన కాలు, వాచిన మణికట్టు, పట్టేసిన నడుము ‘మైనర్స్’ వైపు. ఈ రెండోవైపు తెరలు కట్టిన చిన్న గదులు వరుసగా ఉన్నాయి. ఒకదాంట్లో డాక్టరు, ఒకదాంట్లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు, ఇంకోదాంట్లో ఫిజియోథెరపిస్టు. నేను వెళ్లింది ఆ చివరి గది కోసం.

అందులో పనిచేసేది తెలుగమ్మాయి. ఆంధ్రలో బీపీటీ చదివి, ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసి, హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌లో నమోదై, వార్డుల్లో ఏళ్లు గడిపాక ఈ గదికి చేరింది. “అక్కా, ఆ మూల కుర్చీలో కూర్చోండి. నా చేతులు ఎక్కడ పడుతున్నాయో గమనించండి,” అంది.

మొదట వచ్చింది ఫుట్‌బాల్ ఆడుతూ కాలు మెలిక పడిన కుర్రాడు. చీలమండ బయటివైపు బాగా వాచి, చర్మం కమిలిపోతోంది. ఆమె నేరుగా వాపు మీద చెయ్యి వేయలేదు. మోకాలి కింద మొదలుపెట్టి ఎముక వెంబడి మెల్లగా నొక్కుకుంటూ దిగింది. బయటి చీలమండ వెనక అంచున, చివరి ఆరు సెంటీమీటర్ల మేర బొటనవేలితో తడిమింది. తర్వాత లోపలి చీలమండ. ఆపైన పాదం మధ్యభాగం, చిటికెన వేలి వైపు ఉబ్బెత్తుగా చేతికి తగిలే ఎముక మొదలు. నొక్కిన ప్రతిసారీ కళ్లు అతని మొహం మీదే. చివర్లో చెయ్యి అందించి మంచం దింపి నాలుగడుగులు వేయమంది. కుంటుతూ వేశాడు. ఎక్స్‌రే అక్కర్లేదని చెప్పేసింది.

ఆ నాలుగడుగులు ఆమె సొంత పద్ధతి కాదు. కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1992లో ప్రకటించిన నియమాల్లోవి. బెణికి వచ్చినవాళ్లందరికీ ఫిల్ము తీస్తే ఎక్కువమందికి ఎముక బాగానే ఉంటుంది. ఎవరికి తీయాలో తేల్చడమే చిక్కు. చెప్పిన చోట్ల ఎముక మీద నొక్కితే నొప్పి లేకుండా, దెబ్బ తగిలిన వెంటనే గానీ ఆసుపత్రికి వచ్చాక గానీ నాలుగడుగులు వేయగలిగితే, విరిగి ఉండే అవకాశం చాలా స్వల్పమని వాళ్లు చూపించారు. ప్రపంచమంతటా అత్యవసర విభాగాలు ఇప్పుడు ఆ నియమాలను వాడుతున్నాయి.

కుర్రాడికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఫిల్ము తీయకుండా ఎలా చెప్తావని అడిగాడు. ఆమె విసుక్కోలేదు. ప్లాస్టిక్ ఎముకల బొమ్మ తెచ్చి, ఏ లిగమెంటు ఎక్కడ సాగిందో చూపించి, ఎముక విరిగితే నొప్పి ఏ చోట పుట్టేదో అతని కాలి మీదే వేలుపెట్టి చెప్పింది. ఆ తర్వాత మాట్లాడిన కాసేపే నాకు అసలు వైద్యంగా తోచింది. మొదటి రెండు మూడు రోజులు కాలు ఎత్తులో పెట్టుకో, కట్టు ఉంచు, కానీ మంచం పట్టకు. ఓర్చుకోగలిగినంత బరువు వేస్తూ నడువు. కూర్చున్నప్పుడు పాదంతో గాల్లో అక్షరాలు రాయి. వాపు తగ్గాక పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒంటికాలి మీద నిలబడు. లిగమెంటు సాగితే కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు అందే కబురు మందగిస్తుంది, అందుకే బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంది, ఒంటికాలి నిలుపు దాన్ని సరిచేస్తుంది అని కారణం కూడా చెప్పింది. చెప్పినవన్నీ అతని చేత తిరిగి చెప్పించుకుంది.

విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే పాత సూత్రాన్ని 1978లో వ్యాప్తిలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్, పూర్తి విశ్రాంతీ ఐసూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని దశాబ్దాల తర్వాత తానే రాశాడు. మన ఊళ్లలో మాత్రం “మూడు వారాలు కాలు కింద పెట్టొద్దు” అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత చేతులు ఆనించి పడిన ఒకావిడ. బొటనవేలి మొదట, మణికట్టు దగ్గర చిన్న గుంట ఉంటుంది. అక్కడ నొక్కగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఈసారి ఫిజియోథెరపిస్టు ఎక్స్‌రే రాసింది. అందులో ఏమీ కనిపించలేదు. అయినా బొటనవేలిని పట్టి ఉంచే స్ప్లింట్ వేసి, రెండు వారాల్లోపు మళ్లీ రమ్మంది. ఆ గుంట అడుగున ఉండే స్కేఫాయిడ్ ఎముక విరిగినా మొదటి ఫిల్ములో కనపడకపోవచ్చు. పైగా దానికి రక్తం వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి నడుస్తుంది. మధ్యలో విరిగి, ఎవరూ గుర్తించకపోతే మణికట్టు వైపు ముక్క రక్తం అందక చచ్చిపోతుంది. ఫిల్ము బాగుందన్న మాటతో ఇంటికి పంపడం ఎంత తేలికో, ఆ చేతికి జీవితాంతం ఎంత నష్టమో అప్పుడు అర్థమైంది.

ఆటస్థలంలో పడ్డ ఓ పిల్లవాడి ముంజేతి ఎముక పూర్తిగా విరగకుండా కాస్త నొక్కుకుపోయింది. మెత్తని కట్టు కట్టి పంపేశారు. పిండికట్టు ఏదని తండ్రి ఆశ్చర్యపోయాడు. ఇలాంటి దెబ్బకు స్ప్లింట్ వేసినా, మెత్తని కట్టుతో వదిలేసినా నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదని బ్రిటన్‌లోని 23 ఆసుపత్రుల్లో 965 మంది పిల్లల మీద చేసిన ఫోర్స్ అధ్యయనం 2022లో తేల్చింది.

నడుము పట్టేసి వచ్చిన ఒక నడివయసు మనిషి దగ్గర గదిలో వాతావరణమే మారిపోయింది. కాళ్ల మధ్య, కూర్చునే చోట తిమ్మిరి ఉందా, మూత్రం పోవడంలో తేడా వచ్చిందా అని ఆమె నెమ్మదిగా అడిగింది. రెండింటికీ అవునన్నాడు. చేతిలో పని వదిలేసి ఆమె సీనియర్ డాక్టరు దగ్గరికి వెళ్లింది. వెన్ను దిగువన నరాల కట్ట నలిగితే వచ్చే లక్షణాలవి. గంటలు లెక్క. అతన్ని ఎమ్మారైకి తీసుకెళ్లారు. తన పని ఎక్కడ ఆగాలో అంత కచ్చితంగా తెలిసిన మనిషిని చూశాక, డాక్టరు కానివాళ్లు ఇక్కడ రోగుల్ని చూడటం మీద నాకున్న సందేహాలు చాలా తీరాయి.

సాయంత్రం అయ్యేసరికి బయట కుర్చీలు నిండిపోయాయి. వచ్చినవాళ్లను నాలుగు గంటల్లో చూసి పంపాలనేది ఇంగ్లండ్ ఆసుపత్రుల లక్ష్యం. వందలో 95 మందికి అలా జరగాలన్న ప్రమాణాన్ని దేశం మొత్తం మీద చివరిసారి అందుకున్నది 2015 జులైలో. ఆ ఒత్తిడే ఫిజియోథెరపిస్టులను ఈ గదుల్లోకి తెచ్చిన కారణాల్లో ఒకటి. వాళ్ల వృత్తి సంఘం 1894లో నలుగురు నర్సులు స్థాపించినది. డాక్టరు చీటీ లేకుండా రోగిని చూసే స్వేచ్ఛ 1970ల చివర్లో వచ్చింది. అదనపు శిక్షణ పొందినవాళ్లకు స్వయంగా మందులు రాసే హక్కు 2013లో చట్టమైంది. ఆస్ట్రేలియాలోనూ ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది, నిరీక్షణ తగ్గిందని అక్కడి అనుభవం. ఒక విషయం దాచకూడదు. 2005 నాటి ఒక బ్రిటిష్ అధ్యయనంలో ఫిజియోథెరపిస్టు చూసిన రోగులు ఎక్కువ సంతృప్తి చెందారు గానీ, మామూలు పనుల్లోకి రావడానికి కొంచెం ఎక్కువ కాలం తీసుకున్నారు. తర్వాతి అధ్యయనంలో డాక్టరు, నర్సు, ఫిజియో ముగ్గురి ఫలితాలూ సమానంగానే వచ్చాయి. కాబట్టి ఇందులో మహిమ ఏమీ లేదు. చేతులూ, చెప్పే ఓపికా ఉన్న మనిషిని సరైన చోట కూర్చోబెట్టారు.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది వంటింట్లో జారిపడిన ముసలమ్మ. ఎముకలన్నీ క్షేమం. చేతి మీద గీరుకున్న గాయం తప్ప ఏమీ లేదు. ఆమెను వెంటనే పంపలేదు. కుర్చీలోంచి లేపి, నడిపించి, వెనక్కి తిప్పి, మళ్లీ కూర్చోబెట్టారు. తిరిగేటప్పుడు తూలింది. ఇంట్లో మెట్లెన్ని, రాత్రిపూట బాత్‌రూముకు ఎన్నిసార్లు లేస్తారు, ఏ మందులు వాడుతున్నారు అని అడిగారు. చేతికర్ర ఎత్తు ఆమె మణికట్టుకు సరిపోయేలా దించారు. రెండోసారి పడినప్పుడు విరగబోయే తుంటి గురించే ఈ శ్రమంతా.

మన దగ్గర క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరుకు ఇంత తీరిక ఉండదు, అది ఆయన తప్పు కాదు. రోడ్డు ప్రమాదాలూ పురుగుమందు కేసులూ పక్కన పెట్టి బెణుకు చూడలేడు. ఫిల్ము, క్రేప్ బ్యాండేజి, నొప్పి మాత్రలు. ఫిజియోథెరపీ విభాగం ఇంకో బిల్డింగులో, పగటి ఓపీ వేళల్లో. కట్టు విప్పాక మోకాలు వంగట్లేదని తెలిశాకే అక్కడికి దారి చూపిస్తారు. ఇంటికి పోతే చింతపండు, ఉప్పు పట్టు, వావిలాకు కాపడం. పుత్తూరు కట్టు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం ఎందుకొస్తారో ఈ గదిలో కూర్చున్నాక నాకొక కారణం తట్టింది. అక్కడ ఎవరో ఒకరు దెబ్బ మీద చెయ్యి వేసి చూస్తారు. ఆ స్పర్శకు తోడు, ఎప్పుడు ఎక్స్‌రే కావాలో తెలిసిన చదువు కూడా ఉండాలి. మనకు ఫిజియోథెరపిస్టులు లేక కాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వాళ్లను గుర్తించింది కూడా. బైకు మీంచి పడినవాళ్లు వచ్చే సాయంత్రం వేళ ప్రతి జిల్లా ఆసుపత్రి క్యాజువాల్టీలో ఒక్కరైనా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అలా జరగాలంటే ఏమేం కావాలని ఆ అమ్మాయిని అడిగాను. ఎక్స్‌రే రాసే అనుమతి, పిలిస్తే పలికే సీనియర్ డాక్టరు, ఒక మంచం. ఇంకొకటి, రోగి చేతికిచ్చే తెలుగు కాగితం. “ఇక్కడి కాగితం అనువదిస్తే సరిపోదక్కా,” అంది. “కింద బాసిపట్లు వేసుకుని ఎప్పుడు కూర్చోవచ్చో అందులో ఉండదు. మన మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవడం ఎప్పుడో ఉండదు. బురదలో దిగి నాట్లు వేయడానికి ఎన్నాళ్లు ఆగాలో అసలే ఉండదు. మా అమ్మ కాలు బెణికినప్పుడు అడిగిన ప్రశ్నలు ఇవే.” విరామంలో టీ తాగుతూ ఆ ప్రశ్నలన్నీ నా పుస్తకంలో రాయించింది. జవాబులు తనూ, ఊళ్లో ఉన్న తన సహాధ్యాయులూ కలిసి రాస్తామని చెప్పి, తర్వాతి రోగిని పిలిచింది.