మామిడి పూతలో ఎవరెవరున్నారు?

ఫిబ్రవరి రెండోవారం. పొద్దున ఆరున్నర. నూజివీడు దగ్గర మా మావయ్య తోటలో ఓ మామిడిచెట్టుకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి ఉన్నాను. ఫోన్‌కి క్లిప్‌తో తగిలించిన మాక్రో లెన్స్, జేబులో చిన్న భూతద్దం. చలికి చేతులు వణికి ఫోకస్ కుదరడం లేదు. వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది.

"ఏరా అల్లుడూ, చెట్టు చెవిలో ఏవైనా రహస్యాలు చెబుతున్నావా?"

నవ్వేశాను. నిజానికి నేను వచ్చింది ఓ తప్పు దిద్దుకోవడానికి.

కిందటేడాది ఇదే తోటలో, పూగుత్తి మీద ఓ పురుగు కనిపించింది. నల్లగా, పొడుగ్గా, ఒంటినిండా ముళ్లతో, బుల్లి మొసలిలా ఉంది. ఫొటో తీసి, జూమ్ చేసి, "మావయ్యా, ఇదేదో డేంజర్‌గా ఉంది. మందు కొట్టించెయ్" అన్నాను. చదువుకున్న అల్లుడు చెప్పాడు కదా అని ఆయన ఆ వరసలో చెట్లన్నిటికీ కొట్టించేశాడు. హైదరాబాద్ వెళ్లాక తీరిగ్గా వెతికితే తెలిసింది, అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయ్యాక ఎర్రటి గుండ్రటి ఒంటి మీద నల్ల మచ్చలతో ముద్దొస్తుందే, ఆ లేడీబర్డే. పేనుబంక, పిండినల్లి లాంటివాటిని తిని బతుకుతుంది. అంటే రైతుకి పైసా ఖర్చులేని కూలి. దాని మొహం చూసి నేరస్థుణ్ని చేసేశాను. ఏడాదిపాటు ఈ సంగతి మావయ్యకి చెప్పలేదు.

ఈసారి వ్యవహారం ఇంకా పెద్దది. ప్రతి ఏడూ పూత మీదే తోట అమ్మేసే మావయ్య, ఈ ఏడు కాపు తనే ఉంచుకున్నాడు. మందులకీ కూలీలకీ అప్పు తెచ్చాడు. రేపు పొద్దున తోట మొత్తానికి మందు కొట్టడానికి మనిషిని మాట్లాడేశాడు కూడా. నాకున్నది ఈ ఒక్కరోజే.

చలి పోయేలోపే చూడాలి

విజయవాడలో బస్సెక్కి ఆగిరిపల్లి మీదుగా నూజివీడు వస్తుంటే, ఈ రోజుల్లో కిటికీలోంచి పూత వాసన మొహానికి కొడుతుంది. రోడ్డుకి రెండువైపులా రసాలు, బంగినపల్లి తోటలు. చాలామంది మామిడిపళ్ల కోసం మేలో వస్తారు. చిన్న పురుగుల్ని చూడాలనుకునేవాళ్లు మాత్రం ఇప్పుడే రావాలి.

పురుగులకీ సాలీళ్లకీ మనలా ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు ఉండదు. ఎండ తగిలితేనే చురుకు. చలికాలం చివర్లో పొద్దున్నే వెళితే మంచు తడిసిన ఆకుల మీద, పూల మధ్య కదలకుండా కూర్చుని ఉంటాయి. కావలసినంతసేపు చూడొచ్చు. పది దాటితే ఎవరి దారిన వాళ్లు ఎగిరిపోతారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ తరవాత పొద్దున్నే కూడా ఇంత తీరిక ఇవ్వరు.

పైగా ఇప్పుడు చెట్టు నిండా పూత. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల పూలు. అందులో ఎక్కువ మగపూలే. కాయ కట్టగలిగే పూలు కొన్నే. చివరికి గుత్తికి ఒకటో రెండో కాయలు నిలబడితే గొప్ప. ఆ కాస్తా జరగాలంటే పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి చేరాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఈగలు, చిన్న చిన్న తేనెటీగలు. మనం చేత్తో విసిరికొట్టే ఈగలే మన బంగినపల్లికి పెళ్లిపెద్దలన్నమాట.

ముందు కాళ్లు లెక్కపెట్టండి

కిందటేడు నేను చెయ్యనిది అదే. అందం చూశాను, కాళ్లు చూళ్లేదు. ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. ఆరు కాళ్లుంటే కీటకం. ఎనిమిదుంటే సాలీడో, దాని బంధువో. తరవాత రెక్కలు. ఈగకి రెండే రెక్కలు, తేనెటీగకీ కందిరీగకీ నాలుగు.

మొదటి గుత్తి మీదే పరీక్ష ఎదురైంది. పసుపూ నలుపూ చారలతో ఒకటి కూర్చుంది. కందిరీగ అనుకుని వెనక్కి తగ్గాను. భూతద్దంలో చూస్తే రెక్కలు రెండే. మొహం నిండా కళ్లు, మీసాలు పొట్టి. హోవర్‌ఫ్లై! హెలికాప్టర్‌లా గాల్లో ఒకేచోట నిలబడగల ఈగ. దీనికి కుట్టడం రాదు, కందిరీగ వేషం వేసి బతికేస్తుంది. పుప్పొడి మోస్తుంది. వీటిలో చాలా రకాల పిల్లలు పేనుబంకను తింటాయి. రెక్కలు లెక్కపెట్టకపోతే దీన్నీ దుష్టుల జాబితాలో వేసేవాణ్నే.

పక్క ఆకు అడుగున సన్నటి వెంట్రుకల చివర తెల్లటి చుక్కలు నిలబడి ఉన్నాయి. బూజేమో అనుకున్నా. అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. ఒక్కో గుడ్డునీ ఒక్కో దారం చివర పెడుతుంది. వీటిలోంచి వచ్చే పిల్లలూ మెత్తటి పురుగుల్ని వేటాడేవే.

కొమ్మ మీద ఎర్రచీమలు బారులు తీరాయి. తమ పిల్లల నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు కలిపి కుట్టి గూడు కట్టేవి ఇవే. మావయ్య దూరంగా నిలబడి "కుడతాయిరా, జాగ్రత్త" అన్నాడు. ఆ బారుకి కాస్త పక్కన ఒక చీమ ఒంటరిగా తిరుగుతోంది. ఎందుకో దాని నడక తేడాగా అనిపించింది. మెల్లగా ఊదాను. టపీమని కొమ్మ మీంచి దూకి, సన్నటి దారం పట్టుకుని గాల్లో వేలాడింది.

చీమ దారం వదలదు కదా!

లెన్స్ పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది కాళ్లు. ముందు రెండు కాళ్లూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది. అది చీమ వేషం వేసిన సాలీడు. ఎర్రచీమని ముట్టుకోవడానికి పిట్టలూ కందిరీగలూ జంకుతాయి కాబట్టి ఈ వేషం దానికి రక్ష. మావయ్యని పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, రెండుసార్లు లెక్కపెట్టి, "దీని దుంపతెగ" అన్నాడు. అప్పటినుంచీ నా వెనకే తిరగడం మొదలుపెట్టాడు.

ఆయన రోజూ కూర్చునే చెట్టు మొదట్లోనే ఇంకొకటి దొరికింది. బెరడు రంగులోనే, బెరడుకి అతుక్కుపోయి, వెనక రెండు పొడుగాటి తోకలతో ఉంది. తోకల సాలీడు, హెర్సీలియా. నిజానికి అవి తోకలు కావు, దారం వదిలే భాగాలు. దీనికి గుండ్రటి గూడు అల్లే పని లేదు. పురుగు దొరికితే దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ దారంతో చుట్టిపడేస్తుంది. "నలభై ఏళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నా. ఇన్నాళ్లూ ఇది నా వీపు వెనకే ఉందా?" అన్నాడు మావయ్య.

పేరు తెలీకపోతే ఆగాలి

ఫొటోలన్నీ ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టాను. యాప్ టకటకా పేర్లు సూచిస్తుంది. మొదట కనిపించిన పేరు నొక్కేయాలని చెయ్యి లాగుతుంది. అక్కడే ఆగాలి. సాలీళ్లలో జాతి కచ్చితంగా తేల్చాలంటే చాలాసార్లు మైక్రోస్కోప్ కింద జననాంగాలు చూడాల్సిందే, ఫొటో సరిపోదు. 2022లోనే ప్రపంచంలో పేరు పెట్టిన సాలీళ్ల జాతులు 50 వేలు దాటాయి. ఆ 50 వేలలో ఒకదాన్ని నా వణికిన ఫొటోతో తేల్చేస్తాననడం అత్యాశే కదా.

అందుకే కాళ్ల నిండా ముళ్లున్న ఆకుపచ్చ సాలీడు దగ్గర "లింక్స్ సాలీడు కుటుంబం" అని రాసి ఆపేశాను. ముందు రెండు పెద్ద కళ్లతో నన్నే తిరిగి చూసినదాని దగ్గర "గెంతే సాలీడు" అని మాత్రమే రాశాను. సగం పేరు రాయడంలో సిగ్గేమీ లేదు. కిందటేడు నేను చేసిన తప్పు తెలీకపోవడం కాదు, తెలీకుండానే తీర్పు చెప్పడం.

తువ్వాలు మీద లెక్క

తొమ్మిదింటికి మావయ్య అసలు ప్రశ్న వేశాడు. "ఇవన్నీ బానే ఉన్నాయిరా. మరి తేనెమంచు పురుగు సంగతేంటి? అదీ మంచిదేనంటావా?"

అనను. అది పూత రసం పీల్చేస్తుంది. అది వదిలే జిగట మంచులా ఆకుల మీద కారి, దాని మీద నల్లటి మసి పడుతుంది. అయితే ఎక్కడ ఎన్ని ఉన్నాయో చూడకుండా తోట మొత్తానికి కొట్టడమెందుకు?

మావయ్య తెల్ల తువ్వాలు గుత్తి కింద పట్టాడు. నేను గుత్తిని మెల్లగా తట్టాను. చెట్టుకి నాలుగు వైపులా నాలుగు గుత్తులు, అలా పది చెట్లు. పడమటి వైపున్న లేతపూత ఇంకా విచ్చుకోలేదు. అక్కడ తడితే గుత్తికి పది, పదిహేను చొప్పున చిటపటమని ఎగిరి మొహానికి తగిలాయి. తూర్పు వైపు పూత పూర్తిగా విచ్చింది. అక్కడ ఒకటీ రెండూ కనిపించాయి, కొన్నిచోట్ల అదీ లేదు. ఉన్నదల్లా ఈగలు, బుల్లి తేనెటీగలు, సాలీళ్లు.

తువ్వాలు మీద ఓ నల్లటి బుల్లి మొసలి పడింది. మావయ్య బొటనవేలు దాని మీదికి వెళ్లింది.

"వద్దు మావయ్యా" అని చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు చెప్పాను, కిందటేడాది సంగతంతా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పురుగుని తీసి కొమ్మ మీద వదిలాడు. "ఆ రోజే చెప్పొచ్చు కదరా" అన్నాడు. అంతే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ చేసి మందు కొట్టే మనిషికి చెప్పాడు. "రేపు పడమటి వైపు ఒక్కటే. తూర్పు వైపు పిందె పడ్డాక చూద్దాం." పూత పూర్తిగా విచ్చి ఉన్నప్పుడు పురుగుమందు కొట్టొద్దని ఉద్యాన నిపుణులు చెప్పేదీ ఇదే. అయినా నాకు ముద్ద దిగలేదు. తూర్పు వైపు కాపు తగ్గితే? అప్పు ఆయనది, మాట నాది. అత్త మజ్జిగ పోస్తూ "పురుగులు లెక్కపెట్టే ఉద్యోగం ఎక్కడైనా ఉందేమో చూసుకోరా" అని నవ్వింది.

నాలుగు వారాల తరవాత హైదరాబాద్‌లో ఆఫీసులో ఉండగా మావయ్య నుంచి వాట్సాప్‌లో రెండు ఫొటోలు వచ్చాయి. మొదటిదాంట్లో తూర్పు వైపు గుత్తికి బఠాణీ గింజలంత పిందెలు. ఎన్ని నిలుస్తాయో మే దాకా చెప్పలేం. రెండోది మసగ్గా, గోధుమరంగు చుక్కలా ఏదో ఉంది. కింద మెసేజ్: "ఇది ఎవరు?"

ఏమిటి అని కాదు, ఎవరు అని అడిగాడు.

ఎంత జూమ్ చేసినా తెలియలేదు. ఇలా రాశాను: "తెలీదు మావయ్యా. కాళ్లు కనబడేలా ఇంకోటి తీసి పంపు. అప్పటిదాకా దాన్నేమీ అనకు."

పది నిమిషాల్లో ఇంకో ఫొటో వచ్చింది. దాని కింద, "ఎనిమిది. రెండుసార్లు లెక్కపెట్టా."