తేలు తోక ఈగ

షిల్లాంగ్‌లో పనిచేసేటప్పుడు, వాన వెలిసిన ఓ జూన్ ఉదయం క్వార్టర్స్ వెనక పొదలో తేలు తోక ఈగ కనిపించింది. నల్లమచ్చల రెక్కలు నాలుగు, ముక్కులా సాగిన మూతి, తేలుకొండిలా పైకి వంగిన తోక. కుడుతుందేమోనని చెయ్యి వణికి ఫోటో మసకగా వచ్చింది.

మీలాగే నాన్న బదిలీతో విశాఖ నుంచి వచ్చి, హిందీ రాక క్లాసులో నోరు విప్పని ఆరో తరగతి పిల్లాడికి చూపించాను.

"కుట్టదు మేడమ్, ఇది మగది. మగవాటికే ఆ కొండి. చచ్చిన పురుగుల్ని తింటాయి. కొన్నయితే సాలెగూట్లోవి కూడా దొంగిలిస్తాయి!" అన్నాడు గుక్క తిప్పుకోకుండా.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. ఈగ మీద నా నీడ పడకుండా నన్ను పక్కకి జరిపాడు. ఈసారి చక్కగా వచ్చింది.

ఏడాది తిరక్కుండానే వాళ్ల నాన్నకి మళ్లీ బదిలీ, తర్వాత నాకు. మూడు ఫోన్లు మారాయి. ఆ ఫోటో మాత్రం ఉంది, ఓ మూల వాడి వేలితో సహా.