ఎకరం అమ్మితే దొరుకుతదా?

"సారూ, తలకాయల గడ్డకు కొత్త సూది వచ్చిందంట గదా... ఎకరం అమ్మితే మా బాపుకు దొరుకుతదా?"

జుక్కల్ నుంచి తండ్రిని హైదరాబాద్‌ దాకా తీసుకొచ్చిన కొడుకు ఎవరైనా డాక్టరును ఇలాగే అడుగుతాడు. ఊళ్లో తలనొప్పి అంటే ఎండ దెబ్బ, పైత్యం. ఫిట్స్ వచ్చాకే స్కానింగ్. గ్లయోబ్లాస్టోమా అని తేలితే ఆపరేషన్, రేడియేషన్, టెమొజోలమైడ్ మాత్రలు. అన్నీ చేసినా చాలామందికి ఏడాదిన్నర దాటడం కష్టమే.

ఆ సూది కట్టుకథేమీ కాదు. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో పెడ్రో లోవెన్‌స్టీన్, మరియా కాస్ట్రోల బృందం 2014-19 మధ్య దాన్ని రోగులపై పరీక్షించింది. ఒంట్లోకి శత్రువు వస్తే ఆనవాలు పట్టి టి కణాలకు చూపించేవి డెండ్రైటిక్ కణాలు. మెదడు లోపల ఆ కావలి దాదాపు లేదు. గడ్డకు కలిసొచ్చింది ఇదే! అందుకే సర్జన్లు గడ్డ తీసేసి, ఆ గుంత చుట్టూ కోరలు పీకిన రెండు వైరస్‌లను ఎక్కించారు. ఒకటి హెర్పిస్ జన్యువును మోసుకెళ్తుంది. ఆపై రోగి వాలాసైక్లోవిర్ మింగితే (అవును, అక్కికి వాడే మాత్రే) అది ఆ కణాల్లో విషంగా మారి క్యాన్సర్‌ను చంపుతుంది. రెండోది డెండ్రైటిక్ కణాలను పిలిచే ప్రొటీన్‌ను తయారుచేయిస్తుంది. అవొచ్చి, చచ్చిన కణాల తునకలు ఏరుకుని టి కణాలకు చూపిస్తాయి. ఇక వేట మొదలు.

ఫలితాలు 2023లో 'లాన్సెట్ ఆంకాలజీ'లో వచ్చాయి. చికిత్స పొందింది 18 మంది. సగం మంది 21 నెలలు దాటి బతికారు. మామూలుగా అయితే 14, 15 నెలలు. ఆరు నెలలేగా అనిపించొచ్చు. బిడ్డ పెళ్లి పెట్టుకున్న ఇంటికి ఆ ఆరు నెలలే లోకం. కానీ పద్దెనిమిది మందితో దేన్నీ తేల్చలేం. అది మందు భద్రమా కాదా అని చూసిన తొలి దశ మాత్రమే.

జపాన్ 2021లో డెలిటాక్ట్ అనే వైరస్ మందుకు షరతులతో అనుమతిచ్చింది. మన దగ్గర 2023లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 రక్త క్యాన్సర్లకు, మెదడు గడ్డకు కాదు. పేపర్లో 'జన్యు చికిత్స' అన్న మాట ఒకటే కనిపిస్తుంది. భూములు బేరానికొచ్చేది అక్కడే. ప్రయోగంలో చేర్చుకుంటామని ఎవరైనా డబ్బడిగితే మాత్రం వెంటనే అనుమానించాలి.

అందుకే డాక్టరు చెప్పే జవాబు చప్పగా ఉంటుంది.

"భూమి ఉండనీ. రేడియేషన్‌కు వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు రావాలి. ఇక్కడ ఉండటానికి రూము చూసుకున్నావా?"